నీలం టేపు చుట్టిన ఫ్లాస్కు

గుండ్రంగా ఉండకూడని చోట ఒక కణం గుండ్రంగా ఉంది.

ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, కళ్ళు గట్టిగా మూసి తెరిచి, మళ్ళీ చూసింది. ఒకటి కాదు. ఫ్లాస్కును వేలికొసతో కొంచెం జరిపింది. అక్కడా ఉన్నాయి. అడుగున అతుక్కుని, కాళ్ళూ చేతులూ చాపుకుని పడుకున్నట్టు పల్చగా ఉండవలసిన కణాలు లేచి కూర్చుని మెరుస్తున్నాయి. విడిపోబోయే కణం అలాగే మెరుస్తుంది. కొన్ని అప్పటికే నడుం దగ్గర నొక్కుకుపోయి రెండవుతున్నాయి.

ఆ ఆస్పత్రిలో కాలినవాళ్ళ వార్డుకు పైన, రెండు తలుపులు దాటితే గానీ రాని చిన్న గదిలో, ఆమె మనుషుల చర్మం పెంచుతుంది. ఒంటిమీద కాలకుండా మిగిలిన చోటు నుంచి గోరంత ముక్క తీసి ఇస్తే, దాన్ని కణాలుగా విడదీసి, గులాబీరంగు ద్రవంలో ఉంచి, అరచేతంత పొరలుగా పెంచి ఇస్తుంది. రోజు విడిచి రోజు పాత ద్రవం తీసి కొత్తది పోస్తుంది కనుక అందరూ ఆమెను తోటమ్మ అంటారు. ఎవరు పెట్టిన పేరో గానీ, అసలు పేరు జీతమిచ్చే గదిలో తప్ప ఎక్కడా వినిపించదు.

చర్మం కణాలు ఒంటరిగా పెరగవు. వాటికి అడుగున ఇంకో రకం కణాలు పరవాలి. అవి వండి పెట్టినట్టు పెడితే ఇవి తిని పెరుగుతాయి. వాటిని ఆయాలు అంటారు ఆ గదిలో. ఆయాలు బతికుండాలి, కానీ సంతానం పెంచుకోకూడదు. పెంచుకుంటే జాగా అంతా వాటిదే అయిపోతుంది. అందుకని ముందుగా వాటిని కింది అంతస్తులోని కిరణాల గదికి పంపుతారు. ఏ కణమైనా విడిపోయే ముందు తన లోపలి రాత సరిగా ఉందో లేదో చూసుకుంటుంది. కిరణాలు ఆ రాతను అక్కడక్కడా తెంపేస్తాయి. ఇక ఆ కణం ఎన్నిసార్లు చూసుకున్నా లెక్క కుదరదు, అడుగు ముందుకు వెయ్యదు. తింటుంది, పక్కవాటికి పెడుతుంది, కొన్నాళ్ళకు పోతుంది.

ఈ ఫ్లాస్కులో ఆయాలు విడిపోతున్నాయి. వాటి మధ్య, బాయిలర్ పేలి ఒళ్ళంతా కాలి కింది వార్డులో ఉన్న మనిషి చర్మం కణాలు, పెళ్ళివారింట్లో పేదచుట్టాల్లా, మూలకొక గుంపుగా ఇరుక్కుని ఉన్నాయి.

ఆగవలసిన చోట ఆగని కణాలను ఆమె ఇదే ఆస్పత్రిలో, ఇలాంటి అద్దంలోంచే ఒకసారి చూసింది. అది కొడుకు రక్తం. వద్దంటున్నా చూసింది. ఇప్పుడా సంగతి తలుచుకోలేదు.

ఫ్లాస్కు పైకెత్తింది. మెడకు నీలం టేపు ఉంది. కిరణాలు పట్టించాక, పని అయినట్టు గుర్తుగా, కిరణాల గదిలో చుట్టే టేపు. నీలం టేపు ఉంటే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఆమె దాన్ని దీపం కిందికి తెచ్చి అంచు చూసింది. అంచు నున్నగా, కత్తెరతో కోసినట్టుంది.

కిరణాల గదిలో కత్తెర లేదు. అక్కడ గోటితోనో పంటితోనో చింపుతారు. కత్తెర ఉన్నది ఇక్కడే, ఆమె కుడిచేతి పక్కన.

కిరణాల గదిలో పనిచేసే, అందరూ బాబాయి అనే ముసలాయనకు ఈమధ్య వేళ్ళు వణుకుతున్నాయి. మిషను మీటలకు ఏ ఇబ్బందీ లేదు. టేపు దగ్గరే చిక్కు. వేళ్ళకు అంటుకుని, ముడుచుకుని, ఒక్క ఫ్లాస్కుకు నాలుగుసార్లు చింపేవాడు. ఎవరైనా చూస్తే చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు. ఒకరోజు ఆమె ఏమీ అనకుండా, పైనే టేపు చుట్టేసి ఫ్లాస్కుల పెట్టె కిందికి పంపింది. ఆయనా ఏమీ అనలేదు. అప్పట్నుంచీ అదే అలవాటు. కిందటిసారి ఆమె పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు మిషను మూత తెరిచి ఉంది, బాబాయి కరెంటు మనిషిని పిలవడానికి వెళ్ళాడు. తలుపు పక్క బల్లమీద పెట్టె ఉంది. ఫ్లాస్కుల మెడలకు నీలం టేపు ఉంది. తీసుకుని వచ్చేసింది.

తను చుట్టిన టేపును తనే చూసి, తనే నమ్మింది.

పెద్ద డాక్టరు గౌను వేసుకుని లోపలికి వచ్చి, మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు.

"అన్నీ ఇంతేనా?"

"ఆ పెట్టెలో వచ్చినవన్నీ ఇంతే సార్."

"బాయిలర్ అతనికి?"

"అతని కణాలు చలిపెట్టెలో దాచిన సీసా ఒకటుంది. మళ్ళీ మొదటినుంచీ పెంచాలి."

"అంటే ఇంకో మూడు వారాలు ఆ కట్లతోనే ఉండాలి. ఈలోగా చీము పట్టకపోతే మన అదృష్టం." గ్లోవ్సు ఊడదీసి డబ్బాలో పడేశాడు. "ఆ కిరణాల గది పెద్దమనిషిని రమ్మనండి."

బాబాయి వచ్చి బయటి తలుపు దగ్గరే నిలబడ్డాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. పెద్ద డాక్టరు ఫ్లాస్కును ఆయన ముక్కు దాకా తెచ్చాడు.

"కిరణాలు పట్టకుండా టేపు ఎలా చుట్టావయ్యా?"

బాబాయి ఫ్లాస్కు మెడ చూశాడు. ఆ నున్నటి అంచు చూశాడు. తోటమ్మ వైపు చూడలేదు, ఆమె పక్కనున్న గోడను చూశాడు.

"పొరపాటైంది సార్."

"పొరపాటా? చెయ్యని పనికి చేసినట్టు గుర్తు పెడితే దాన్ని పొరపాటంటారా? మోసమంటారు."

"అలాగే అనండి సార్."

"రిటైరవబోయే ముందు మంచి పేరు తెచ్చుకున్నావు. రేపట్నుంచి ఆ గదిలో అడుగు పెట్టకు. మిగతాది కమిటీ చూసుకుంటుంది."

మాస్కు కింద తోటమ్మ నోరు తెరిచింది. నోరు తెరిచిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు.

బాబాయి రెండు మెట్లు దిగేసరికి ఆమె గౌనుతోనే బయటికి పరుగెత్తింది. గౌనుతో బయటికి రాకూడదు. పదేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

"బాబాయ్! ఎందుకలా ఒప్పుకున్నావు? టేపు నేను చుట్టిందని నీకు తెలుసు కదా."

"మెల్లగా మాట్లాడు తల్లీ. మెట్లకు చెవులుంటాయి."

"నేను వెళ్ళి చెప్తాను."

"చెప్పు. టేపు పైనెందుకు చుట్టావు అంటాడు. ఏం చెప్తావు?"

ఆయన మెట్ల కమ్మీ పట్టుకుని ఉన్న చేతిని ఎత్తి ఆమె ముందు పెట్టాడు. అది గాలికి ఆకులా ఆడుతోంది. వెంటనే జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇది చెప్పాలి కదా. పొరపాటు చేశాడంటే పడతాను. దొంగ అన్నా పడతాను, కాదని నాకు తెలుసు గనక. పనికిరాడు, చేతకాదు, పాపం ముసలాడని కప్పిపుచ్చుకొచ్చాం అంటే మాత్రం పడలేను. ఆ మాట విని నేను ఇంటికెలా వెళ్ళను? వెళ్ళు, నీ గౌను మార్చుకో. మిగిలిన ఆ సీసానన్నా సరిగా చూసుకో."

ఆ సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన ఆ ఆస్పత్రిలోనే అంబులెన్సు నడుపుతాడు. ఆస్పత్రి వెనక వరసగా ఉన్న క్వార్టర్లలో ఒకటి వాళ్ళది. ఆమె ఉద్యోగం మీద వచ్చిన ఇల్లు. బాబు పుట్టిందీ, నడక నేర్చిందీ, ఆఖరికి వేసవి సెలవుల్లో జ్వరంతో పడుకుందీ ఆ ఇంట్లోనే. వంటింటి కిటికీలోంచి చూస్తే పిల్లల వార్డు గోడ కనబడుతుంది. ఇంకో వైపు కిటికీ లేదు.

ఆయన కంచం ముందు కూర్చుని అంతా విన్నాడు. ముద్ద కలిపినవాడు కలిపినట్టే ఉన్నాడు.

"నోరు మూసుకో," అన్నాడు చివరికి.

"ఆయన్ని దొంగని చేశారు."

"ఆయనే ఒప్పుకున్నాడుగా. నువ్వు వెళ్ళి నేనూ అంటే ఇద్దరూ పోతారు. ఒకడు మునిగే చోట ఇద్దరు మునగడం తెలివా?"

"మనం తినే అన్నం అరుగుతుందా?"

"క్వార్టరు పోతుంది," అన్నాడు ఆయన. "ఈ ఇల్లు పోతుంది. అర్థమైందా? నోరు మూసుకో." తినకుండా చెయ్యి కడుక్కుని, రాత్రి డ్యూటీ వేసుకున్నానని తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతే. ఎవరికి డ్యూటీ బరువైతే వాళ్ళది అడిగి తీసుకుంటాడు.

ఆమె గిన్నెలు సర్దింది. ఈ ఇల్లు పోతుంది అన్న మాట దగ్గర ఆయన గొంతు పట్టేసింది. పైన చెబుదామంటే బాబాయి చెయ్యి అడ్డం, ఇక్కడ చెబుదామంటే ఈయన గొంతు అడ్డం. మధ్యలో బాయిలర్ మనిషి, ఒళ్ళంతా గుడ్డలతో.

మర్నాడు పొద్దున సీసా తీసింది. గోరువెచ్చటి నీళ్ళలో పట్టుకుని మెల్లగా తిప్పింది. లోపల జొన్నగింజంత మంచుపలుకు మిగలగానే తీసేసి, తుడిచి, వడకట్టిన గాలి వీచే హుడ్ కిందికి తెచ్చింది. తొందరపడితే కణాలు చస్తాయి, ఆలస్యం చేసినా చస్తాయి. కొత్త ఆయాలను తనే కిందికి మోసుకెళ్ళింది. కిరణాల గదిలో వేరే విభాగం నుంచి వచ్చిన కుర్ర టెక్నీషియను ఫోను చూసుకుంటూ మీట నొక్కాడు. మిషను ఆగేదాకా ఆమె ఆ గది గాజు తలుపు ముందు నుంచి కదల్లేదు.

పైకి వస్తుంటే వార్డు వరండాలో అరుపులు వినబడ్డాయి. బాబాయి తన డబ్బా, చెప్పులజత ఒక సంచిలో వేసుకుని వెళుతున్నాడు. బాయిలర్ మనిషి భార్య ఆయనకు అడ్డం నిలబడి ఉంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. భర్త కాలి వచ్చినప్పటినుంచీ ఆ వరండాలోనే ఒక బెంచీ కింద కాపురం పెట్టింది.

"నీ చేతులు పడిపోను! నీకు పెళ్ళాం లేదా, పిల్లల్లేరా? ఆ మనిషి అక్కడ పచ్చి పుండై పడుంటే నీకు నిద్రొచ్చిందా? ఉత్తుత్తి టేపు చుట్టి ఎవర్ని మోసం చేద్దామనుకున్నావు?"

బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె అనవలసినవన్నీ అనేదాకా నిలబడి, దారి దొరికాక వెళ్ళాడు. సంచిని వేళ్ళతో కాకుండా మోచేతికి తగిలించుకున్నాడు.

బాయిలర్ మనిషి భార్య తోటమ్మను చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చూశారా అమ్మా, మీరు పిల్లల్లా సాకినవాటిని ఎలా మట్టి చేశాడో. మళ్ళీ మొదలుపెట్టారంట కదా. ఒక మాట అడగనా? ఇన్నాళ్ళు లోపల ఏం చేస్తాయవి? ఊరికే రెండు ముక్కలవ్వడానికి ఇంత సేపా?"

తోటమ్మ బెంచీ మీద కూర్చుంది.

"రెండవడం చిటికెలో పని. దానికి ముందే ఉంది ఆలస్యమంతా. ముందు తిని పెరగాలి. ఇద్దరికి సరిపడా ఉందా లేదా అని చూసుకుంటుంది. లేకపోతే ఆగిపోతుంది. చుట్టూ చోటు లేకపోయినా ఆగిపోతుంది. ఉందనుకుంటే లోపల రాసున్నదంతా ఇంకో ప్రతి తీసుకుంటుంది. మళ్ళీ ఆగి, తప్పులేమైనా పడ్డాయా అని చూస్తుంది. పడితే దిద్దుకుంటుంది. దిద్దుకునేదాకా కదలదు."

"దిద్దుకోకుండా కదిలితే?"

"అప్పుడది జబ్బవుతుంది," అంది తోటమ్మ.

"మనుషులకంటే నయం," అంది ఆమె. "ఇందాకటి ఆ ముసలాడికి వాటి బుద్ధిలో పిసరంత ఉన్నా బాగుపడేవాడు."

ఆ మధ్యాహ్నం తోటమ్మ పెద్ద డాక్టరు గది తలుపు తట్టింది. ఆయన తల ఎత్తకుండానే కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సార్, ఆ టేపు బాబాయి చుట్టలేదు. నేను చుట్టాను."

ఆయన పెన్ను ఆగింది. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"మా ఆయనకు."

"అక్కడితో ఆపు. చూడు తోటమ్మా, ఈ ఊళ్ళో చర్మం పెంచే చెయ్యి నీదొక్కటే. నీమీద మాట పడితే ఆ గది మూసెయ్యాలి. గది మూస్తే ఆ బాయిలర్ మనిషి గతేంటి? తర్వాత వచ్చేవాళ్ళ గతేంటి? ముసలాయన ఎలాగూ వెళ్ళే మనిషి. నాలుగు రోజుల ముందు వెళ్తాడు."

"దొంగ పేరుతో వెళ్తున్నాడు సార్."

"నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. వెళ్ళి పని చూసుకో."

ఆమె వెళ్ళి పని చూసుకుంది. ఒక ఫ్లాస్కు తీసి, మూత వదులు చేసి, పాత ద్రవం లాగి, కొత్తది గోడవార జారేటట్టు పోసి, మూత బిగించి, పెట్టేసి, ఇంకోటి తీసింది. గదిలో ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు. ఆ గదిలోకి వచ్చే గాలి వడకట్టిన గాలి, పోయే గాలి వడకట్టిన గాలి. లోపలి మాట కూడా బయటికి వడకట్టే పోతుందని ఆమెకు ఆరోజు తెలిసింది. నీ చెయ్యి మంచిది కనక నీకు తప్పు చేసే హక్కు లేదు, చేసినా ఒప్పుకునే హక్కు లేదు అన్నారు. పొగడ్తే. గొలుసు వేసినట్టుగా ఉంది.

ఆ మర్నాడు రౌండ్ల వేళ పెద్ద డాక్టరు, వెనక నర్సులు, జూనియర్లు బాయిలర్ మనిషి మంచం చుట్టూ చేరారు. కట్లలోంచి అతని కళ్ళూ పెదవులూ మాత్రం కనబడుతున్నాయి. భార్య తలగడ దగ్గర నిలబడి ఉంది. తోటమ్మ పైనుంచి దిగి వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడింది. ఆమె వార్డులోకి ఎప్పుడూ రాదు. పెద్ద డాక్టరుకు అర్థమైంది.

"తోటమ్మా, తర్వాత మాట్లాడదాం."

ఆమె ఆయన వైపు చూడలేదు. మంచంమీది మనిషిని చూసి, తర్వాత భార్యను చూసి చెప్పింది.

"మీ చర్మం పాడుచేసింది నేను. కిరణాల గది బాబాయి కాదు. ఆ టేపు ముందే నేను చుట్టి పంపాను. మళ్ళీ నేనే, కిరణాలు పట్టించేశారనుకుని తెచ్చుకున్నాను. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు."

ట్రాలీ మీద కత్తెర చప్పుడైంది.

"ముందే ఎందుకు చుట్టావు?" పెద్ద డాక్టరు పళ్ళ బిగువున అడిగాడు. "ఎవరు చుట్టమన్నారు?"

ఇక్కడికి వస్తుందని ఆమెకు తెలుసు. రాత్రంతా ఈ ప్రశ్న దగ్గరే కూర్చుంది.

"తొందర," అంది. "నా తొందర. ఎవరూ చుట్టమనలేదు."

బాయిలర్ మనిషి భార్య ఆమెను పాదాలనుంచి తల దాకా చూసింది.

"మరి ఆయనెందుకు ఒప్పుకున్నాడు?"

"నన్ను కాపాడదామని."

"నిన్న నా పక్కన కూర్చుని అన్నీ చెప్పావు. తప్పులుంటే దిద్దుకునేదాకా కదలవని. నేను ఆయన్ని తిట్టిన తిట్లు వింటూ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"మళ్ళీ పెంచుతున్నావు కదా. నిద్రొస్తోందా నీకు?"

"రావట్లేదు."

"రాకూడదు కూడా," అంది ఆమె. తర్వాత భర్త మీదికి వంగి, అతని పెదవులు కదిలితే చెవి పెట్టి విని, లేచింది. "ఆయన అడుగుతున్నాడు, చేసేది నీ చెయ్యేనా, ఇంకోళ్ళా అని."

"వద్దంటే మానేస్తాను."

మళ్ళీ వంగింది. ఈసారి చాలాసేపు వింది.

"నీ చెయ్యే కావాలంట. ఒకసారి కాలినవాడు రెండోసారి నిప్పు దగ్గర జాగ్రత్తగా ఉంటాడంట. ఒళ్ళంతా కాలినా ఈయన వెటకారం మాత్రం కాలలేదు." ఆమె కళ్ళు తుడుచుకుని, సంచి తీసుకుంది. "ఆ పెద్దాయన ఇల్లెక్కడో ఎవరన్నా చెప్పండి. నేను వెళ్ళి అన్నవన్నీ వెనక్కి తీసుకోవాలి."

ఒక నర్సు ఆమెతో బయటికి వెళ్ళింది.

పెద్ద డాక్టరు తోటమ్మను వరండా చివరిదాకా తీసుకెళ్ళాడు. కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు. ఇంతమంది విన్నాక దాచేదేమీ లేదన్నాడు. ముసలాయన రేపు వచ్చి తన కిరణాల గదిలో కూర్చోవచ్చన్నాడు. బాయిలర్ మనిషి చర్మం అయ్యేదాకా ఆమె ఉండాలి, ఆ తర్వాత ఉండటానికి కమిటీ ఒప్పుకోదు, ఎవరైనా జూనియరుకు పని నేర్పిపెట్టమన్నాడు.

"క్వార్టరు కూడా అప్పుడే ఖాళీ చెయ్యాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు."

"తెలుసు సార్."

ఇంటికి వచ్చేసరికి భర్త ముందే వచ్చి ఉన్నాడు. ఆస్పత్రిలో మాట నిప్పుకంటే ముందు పాకుతుంది. డ్రైవర్ల గదికి చేరకుండా ఉంటుందా. ఆయన లోపలి గదిలో ఉన్నాడు. బాబు గది. అందులో బాబు మంచం, గోడవార, దుప్పటి మడత కూడా నలగకుండా ఉంది. ఆయన ఆ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బాబు పోయాక ఆయన ఆ గదిలోకి రావడం ఆమె చూడలేదు.

ఆమె గుమ్మంలోనే ఆగింది.

"మీరు వద్దన్నా చెప్పేశాను. ఇల్లు పోతుంది."

"విన్నాను."

"తిట్టండి."

ఆయన తాళాల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నోరు మూసుకోమని ఎందుకన్నానో తెలుసా?"

"ఈ ఇల్లు వదల్లేక."

"నేనా?" ఆయన తల ఎత్తాడు. "నేను ఈ ఇంటికి రావాలంటే గేటు దగ్గర బండి ఆపి ఎంతసేపు కూర్చుంటానో వాచ్‌మన్‌ని అడుగు. ఊళ్ళో వాళ్ళందరి డ్యూటీలూ నేనెందుకు చేస్తున్నాననుకున్నావు? ఆ వంటింటి కిటికీ చూస్తే నాకు ముద్ద దిగదు. నువ్వు వదల్లేవనుకున్నాను. వారం వారం ఈ మంచం తుడిచి దుప్పటి మారుస్తావు. ఇదీ పోతే నువ్వేమైపోతావో అని."

ఆమె గుమ్మం పట్టుకుంది.

"నేను మారుస్తున్నది మీకోసం," అంది. "ఎప్పుడన్నా తలుపు తీసి చూస్తారేమో, వాడి మంచం దుమ్ముకొట్టుకుని ఉంటే మీ మనసు విరిగిపోతుందేమోనని. ఈ గదిలోకి వచ్చిన ప్రతిసారీ నాకు ఊపిరి ఆడదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో పరాయివాళ్ళు చేసిన పొరపాటును ఇద్దరూ కలిసి చూస్తున్నట్టుంది.

"ఎన్నాళ్ళు పడుతుంది, ఆ చర్మం?" అన్నాడు ఆయన.

"వాటికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు."

"తొందరపెట్టకు."

"పెట్టను."

ఆయన చెప్పులు విడిచి, ఆ మంచం మీదే వెనక్కి వాలాడు. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్న మనిషి, దీపం తియ్యమనకుండానే నిద్రపోయాడు. మోకాళ్ళ కిందినుంచి కాళ్ళు రెండూ మంచం బయటికి వేలాడుతున్నాయి. ఆమె వాటికింద పెట్టడానికి వంటింట్లోంచి ఎత్తుపీట తెచ్చి, ఆగి చూసింది. ఇన్నాళ్ళూ వారం వారం తుడిచిన ఆ మంచం ఎంత చిన్నదో ఆమె ఇప్పుడే చూసింది.